తిరుగని పంకా

హైదరాబాదు నగరమునకు ఉత్తర దిశయందు, మేడ్చలునకు పోవు రాజమార్గమునకు చేరువలో జీడిమెట్ల యను ప్రదేశము కలదు. ఒకప్పుడది చెరువులును పొలములును గల గ్రామము. 1970వ దశకమున ప్రభుత్వమువారు ఇచ్చట పారిశ్రామిక వాడను నెలకొల్పిరి. అది మొదలు మందులు, రసాయనములు, పోత సామానులు, యంత్ర భాగములు తయారు చేయు కర్మాగారములు ఒకదాని వెంట నొకటి వెలసినవి. సమీపమునందలి బాలానగరులో 1968వ సంవత్సరముననే పనిముట్ల రూపకల్పన నేర్పు కేంద్ర సంస్థ యొకటి ఏర్పడియుండెను. షాపూర్‌నగర్, చింతల్, గాజులరామారం మున్నగు చోట్ల స్థిరపడిన కుటుంబములలో లేతు యంత్రము మీద పనిచేసినవాడో, మోటారు చుట్టినవాడో, వెల్డింగు తెలిసినవాడో ఒక్కడైనను లేని యిల్లు అరుదు. పూర్వము రంగారెడ్డి జిల్లాలో నుండిన ఈ ప్రాంతము 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరినది.

ఇచ్చటి వేసవి కఠినమైనది. హైదరాబాదులో 1966వ సంవత్సరము జూన్ 2వ తేదీన ఉష్ణోగ్రత 45.5 డిగ్రీల వరకు పెరిగినది. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను కలిసి రెండువేలకు పైబడి జనులు మరణించిరి. వారిలో ఎండలో పనిచేయు కూలీలును, వృద్ధులును ఎక్కువ. పూర్వము వేసవిలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చల్లెడివారు. మిద్దెలపై చలువ పందిళ్లు వేసెడివారు. ఇప్పుడు సిమెంటు కప్పుల క్రింద, గాలి చొరని ఇరుకు గదులలో నివసించువారు అనేకులు శీతల యంత్రమును ఆశ్రయించుచున్నారు. ఒకప్పుడు సినిమాశాలలకును, ధనికుల గృహములకును పరిమితమైయుండిన ఏసీ నేడు కార్మికుని యింటి గోడపైనను కనబడుచున్నది. అది చెడినప్పుడు కలుగునది కేవలము అసౌకర్యము కాదు. ఆ యింట పసిపాపలో, మంచము పట్టిన ముసలివారో ఉన్నయెడల ప్రాణభయముకూడ కలుగవచ్చును.

అట్టి యొక గృహమును ఊహింపుడు. అది షాపూర్‌నగర్‌లో మేడమీది వాటా. ఇంటి పెద్ద పారిశ్రామిక వాడలో ముప్పది యేండ్లు టర్నరుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. అతని తల్లికి ఎనుబది యేండ్లు దాటినవి. మనుమరాలు ఎనిమిదవ తరగతి చదువుచున్నది. మే నెలలో నొకనాటి మధ్యాహ్నము గదిలో చల్లదనము క్రమముగా తగ్గిపోయెను. గోడకు అమర్చిన లోపలి పెట్టెలో దీపము వెలుగుచునే యున్నది. మేడపైనున్న బయటి పెట్టె గుఱ్ఱుమని శబ్దము చేయుచునే యున్నది. కాని లోపలి పెట్టెనుండి గాలి రాదు. చెవియొగ్గి వినగా సన్నని ఝంకారము మాత్రము వినబడుచున్నది. కొంతసేపటికి గోడ వెంబడి నీరు కారసాగెను. పొరుగింటి ఆయన వచ్చి చూచి, "గ్యాసు అయిపోయినది. నింపించుడు," అని చెప్పి పోయెను.

ఈ మాట ఏసీ గల ప్రతి యింటను వినబడునదే. దీనిలోని తప్పొప్పులు తెలియవలెనన్నచో ఆ యంత్రము పనిచేయు విధమును ముందు తెలిసికొనవలెను.

ద్రవము ఆవిరిగా మారునపుడు తన చుట్టునున్న వేడిని గ్రహించును. మట్టి కూజాలో నీరు చల్లబడుటకును, వట్టివేళ్ల తడిక గదిని చల్లబరచుటకును ఇదియే కారణము. ఏసీలో నీటికి బదులు మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రతయందే మరిగెడు శీతలద్రవ్య మొకటి రాగి గొట్టములలో తిరుగుచుండును. దానినే జనులు గ్యాసు అందురు. లోపలి పెట్టెలోని గొట్టపు చుట్టలో, అనగా కాయిలులో, ఆ ద్రవము ఆవిరియై గదిలోని వేడిని త్రాగును. బయటి పెట్టెలోని కంప్రెసరు ఆ యావిరిని నొక్కి వేడెక్కించి బయటి కాయిలులోనికి పంపును. అచ్చట అది తన వేడిని వీథిలోని గాలికి ఇచ్చివేసి తిరిగి ద్రవమగును. ఇట్లు ఒకే ద్రవ్యము సంవత్సరముల తరబడి అదే దారిలో తిరుగుచుండును. మోటారు సైకిలులో పెట్రోలువలె అది ఖర్చగునది కాదు. గొట్టమునకు ఎక్కడనైన చిల్లిపడినగాని అది తరుగదు. "ప్రతి వేసవికి గ్యాసు నింపించవలెను" అనువారి మాటలో యథార్థము లేదు.

ఈ యంత్రము మొదట మనుష్యుల సుఖము కొఱకు పుట్టలేదనుట వింతగా తోచును. 1902వ సంవత్సరమున అమెరికాలోని బ్రూక్లిన్ పట్టణమందలి యొక ముద్రణాలయములో, గాలిలోని తేమకు కాగితము ఉబ్బి, ఒక రంగుపై మరియొక రంగు సరిగా పడక అచ్చు చెడిపోవుచుండెను. ఆ తేమను అదుపు చేయుటకై విల్లిస్ కారియర్ అను యువక యింజనీరు చల్లని గొట్టములమీదుగా గాలిని పంపు పద్ధతిని రూపొందించెను. ఆ పద్ధతిలో "గాలిని పంపుట" అను భాగమే మనకు ఇప్పుడు ముఖ్యము. కాయిలు ఎంత చల్లగా నున్నను, దానిమీదుగా గాలి పారనిదే గది చల్లబడదు. బావిలో నీరున్నను చేద లేనిచో కడవ నిండదు గదా!

లోపలి పెట్టెలో గాలిని నడుపు పంకా మన యింటి కప్పుకు వ్రేలాడు పంకావలె ఉండదు. అది పొడవైన గొట్టమువంటి చక్రము. దాని చుట్టును సన్నని రెక్కలు నిలువుగా నుండును. ఒక వైపున గాలిని లాగికొని రెండవ వైపునకు పంపును. ఇట్టి చక్రమునకు మోర్టియే అను ఫ్రెంచి దేశీయుడు 1893వ సంవత్సరమున పేటెంటు పొందెను. మెకానికులు దీనిని బ్లోయరు అని వ్యవహరింతురు. దానికి ఒక చివర చిన్న మోటారును, రెండవ చివర రబ్బరు తొడుగు గల బేరింగును ఉండును.

బ్లోయరు నిలిచిపోయినదనుకొందము. గదిలోని వేడి కాయిలును చేరదు. లోపలి ద్రవము మరుగుటకు తగినంత వేడి దొరకక, కాయిలు నానాటికి గాదు, నిమిష నిమిషమునకు చల్లబడి సున్న డిగ్రీలకంటె దిగువకు పోవును. దానిపై తేమ మంచుగా పేరుకొనును. ఆ మంచు కరగి పళ్లెములో పట్టక గోడ వెంబడి కారును. అదియునుగాక, ఆవిరి కాని ద్రవము కంప్రెసరులోనికే తిరిగిపోవును. కంప్రెసరు ఆవిరిని నొక్కగలదుగాని ద్రవమును నొక్కజాలదు. అట్లు కొంతకాలము నడచినచో అది శాశ్వతముగా పాడైపోవచ్చును. క్రొత్తవగు అనేక యంత్రములలో కాయిలు గడ్డకట్టుటను గుర్తించి కంప్రెసరును ఆపు సాధనము అమర్చియుందురు. పాతవానిలో అది ఉండవచ్చును, ఉండకపోవచ్చును.

పొరుగింటి ఆయన తప్పుడు సలహా ఎందుకిచ్చెనో ఇప్పుడు తెలియును. గ్యాసు తగ్గినపుడుకూడ కాయిలుపై మంచు పట్టును. అయితే అప్పుడు బ్లోయరు తిరుగుచునే యుండును, గాలి వచ్చుచునే యుండును. మంచు సామాన్యముగా కాయిలులో ఒక భాగమునందే మొదలగును. బ్లోయరు ఆగినపుడు కాయిలు అంతటను మంచు పట్టును. ఇంకొక చిక్కు కలదు. తొందరపాటుగల పనివాడు వచ్చి బయటి పెట్టెకు గేజి తగిలించి చూచినచో గ్యాసు పీడనము నిజముగనే తక్కువగా కనబడును. పంకా తిరుగకపోవుటచేత ద్రవము ఆవిరి కాకుండుటయే దానికి కారణమని గ్రహింపక, అతడు ఇంకను గ్యాసు నింపును. యజమాని వేలకొలది రూపాయలు చెల్లించును. గాలి మాత్రము రాదు. మీదుమిక్కిలి ఎక్కువైన గ్యాసు కంప్రెసరునకు మరింత కీడు చేయును.

కావున అట్టి సమయమున మొదట చేయవలసిన పని యంత్రమును ఆపివేయుట. షాపూర్‌నగర్ ఇంటి పెద్ద అదే చేసెను. రిమోటుతో ఆపి, తరువాత గోడమీది ఎంసీబీని కూడ దించెను. తల్లిని క్రింది వాటాలోని గాలివాటు గదికి చేర్చి, తడిగుడ్డతో మెడను, చేతులను తుడిపించి, కొంచెము కొంచెముగా నీరు త్రాగించెను. వృద్ధుల దేహము చెమట ద్వారా వేడిని పోగొట్టుకొను శక్తిని చాలవరకు కోల్పోయియుండును. దప్పి కూడ వారికి వెంటనే తెలియదు. వేడి గదిలో నున్న ముసలివారు మాట తడబడినను, మగతగా నున్నను, ఒళ్లు కాలిపోవుచున్నను ఏసీ బాగగునని కూర్చుండరాదు, 108 సంఖ్యకు ఫోను చేయవలెను. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ఆరంభమైన ఆ సేవకు ప్రధాన కార్యాలయము మేడ్చలు మార్గముననే దేవరయాంజాలు కడ నున్నది. ఆ దినమున ఆ ముసలమ్మకు అంత అవసరము కలుగలేదు.

మెకానికు వచ్చులోపల గృహస్థులు తామై చూచుకొనదగిన సంగతులు కొన్ని కలవు. రిమోటులో గాలి వేగము ఏ గుర్తుపై నున్నదో చూడవలెను. తేమను తగ్గించు పద్ధతిలో నుంచినచో కొన్ని యంత్రములలో పంకా మిక్కిలి మెల్లగా తిరుగును, నడుమ నడుమ ఆగును. గది కావలసినంత చల్లబడినపుడు పంకాను కూడ నిలుపునట్టి యంత్రములును కలవు. ముందు భాగమును ఎత్తి, గాలి వడపోయు జాలీలను తీసి చూడవలెను. లారీల రాకపోకలచే దుమ్ము లేచు జీడిమెట్లవంటి చోట రెండు వారములకే అవి నిండిపోవును. అవి నిండినచో పంకా తిరిగినను గాలి రాదు. చూచువారు పంకాయే తిరుగుట లేదని భ్రమపడుదురు. ఈ మూడింటిలో నేదియు కానిచో అంతకు మించి పెట్టెను విప్పుట తెలిసినవారి పని. ఏలయన లోపల నున్నది 230 వోల్టుల విద్యుత్తు. అది పెద్దను పిన్నను ఎరుగదు.

సాయంకాలమునకు మెకానికు వచ్చెను. అతడు చింతల్‌లో చిన్న దుకాణము నడుపువాడు. మొదట ఎంసీబీ దిగియున్నదా యని చూచి, ఆపై టెస్టరుతో తీగలో విద్యుత్తు లేదని నిశ్చయించుకొని, అటుపిమ్మట పెట్టె మూత తీసెను. అప్పటికి మంచు కరగిపోయియుండెను. అతడు గాలి వచ్చు సందులోనికి వ్రేలు పోనిచ్చి బ్లోయరును మెల్లగా త్రిప్పి చూచెను.

"ఇదేమి పరీక్ష అన్నా?" అని బాలిక అడిగెను.

"చూడు పాపా, దీనికి జవాబు రెండు విధములుగా వచ్చును. చక్రము బిగుసుకొనియుంటే బేరింగు పోయినట్లు, లేదా ఏదో అడ్డు పడినట్లు. వ్రేలితో తాకగానే తేలికగా తిరిగితే లోపము యంత్రాంగములో లేదు, విద్యుత్తులో ఉన్నది. ఇది తేలికగా తిరుగుచున్నది," అని అతడు బదులు చెప్పెను.

బేరింగు చెడునపుడు చాల దినముల ముందుగానే కీచుమను ధ్వని వినబడును. దానిని జనులు లక్ష్యపెట్టరు. చక్రమును మోటారు ఇరుసునకు బిగించు మర సడలుట మరియొక లోపము. అప్పుడు మోటారు తిరుగుచునే యుండును, చక్రము మాత్రము నిలిచియుండును. పంకా తిరుగకున్న మాత్రమున మోటారు కాలిపోయినదని తీర్పు చెప్పరాదనుటకు ఇది మంచి నిదర్శనము. ఈ యింట అట్టిది కాదు. చక్రము తిరుగుచున్నది, మర బిగుతుగా నున్నది, విద్యుత్తు ఇచ్చినపుడు ఝంకారము వచ్చుచున్నది. ఈ మూడు గుర్తులును కలిసి ఒక చిన్న వస్తువు వైపు వ్రేలు చూపుచున్నవి. దానిని పుస్తకములలో కెపాసిటరు అందురు, దుకాణములలో కండెన్సరు అందురు. కప్పుకు వ్రేలాడు పంకా గిన్నెలో నుండునదియు ఇదియే.

ఇంత చిన్న వస్తువు లేకున్న మోటారు ఏల తిరుగదు? ఈ ప్రశ్నకు సమాధానము వీథి మూలనున్న దర్జీ దుకాణములో దొరకును. త్రొక్కుడు కుట్టుమిషనును చూడుడు. కాలితో పలకను త్రొక్కినపుడు కడ్డీ పైకి క్రిందికి మాత్రమే కదలును, కాని చక్రము గుండ్రముగా తిరుగును. ఒక్కొక్కప్పుడు కడ్డీ సరిగా పైకొననో క్రిందికొననో నిలిచిపోవును. అప్పుడు ఎంత బలముగా త్రొక్కినను చక్రము కదలదు. దర్జీ చేతితో పై చక్రమును కొంచెము కదిపినంతనే మిషను నడచును. ముందుకు కదిపిన ముందునకును, వెనుకకు కదిపిన వెనుకకును తిరుగును.

మన యిండ్లకు వచ్చు ఏకాంతర విద్యుత్తు ఆ కడ్డీవంటిది. అది సెకనుకు 50 ఆవృత్తములు చేయుచు అటు నిటు ఊగుచుండును. దానిచే మోటారు తీగచుట్టలో పుట్టు అయస్కాంత బలము కూడ ఒకే రేఖపై అటు నిటు ఊగునుగాని గుండ్రముగా తిరుగదు. నడుమనున్న రోటరును అది ఒక దిక్కునకు త్రోయదు. రోటరు నిలిచినచోటనే అదరుచుండును. ఝంకారమునకు ఆ యదురే కారణము.

దర్జీ చేయి చేయు పనిని మోటారులో రెండవ తీగచుట్ట చేయును. అది మొదటి చుట్టకు అడ్డముగా అమర్చబడియుండును. దానికి కెపాసిటరు గుండ విద్యుత్తును పంపుదురు. కెపాసిటరు గుణమేమనగా, అది తన గుండ పోవు ప్రవాహమును ఇంచుమించు నాలుగవ వంతు ఆవృత్తము ముందుకు జరుపును. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుండి తిరుగలి విసరునపుడు ఒకరు లాగి విడుచునంతలో మరియొకరు అందుకొందురు. అట్లే ఒక చుట్ట బలము సన్నగిల్లునప్పటికి రెండవ చుట్ట బలము హెచ్చును. ఈ రెండును కలిసినపుడు అయస్కాంత బలము గుండ్రముగా తిరుగసాగును. తిరుగు అయస్కాంత బలము రోటరులోని కడ్డీలలో విద్యుత్తును పుట్టించును. 1831వ సంవత్సరమున మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుత్ ప్రేరణము ఇదియే. అట్లు పుట్టిన విద్యుత్తుచే రోటరు ఆ తిరుగు బలమును వెంబడించును. తిరుగు అయస్కాంత క్షేత్రమును గూర్చిన తన పరిశోధనమును ఇటలీ దేశస్థుడగు గలిలియో ఫెరారిస్ 1888వ సంవత్సరమున ప్రకటించెను. అదే సంవత్సరమున అమెరికాలో నికోలా టెస్లా అట్టి మోటారులకు పేటెంటులను పొందెను. వారి ఊహ ఈనాడు షాపూర్‌నగర్ మేడమీద ఆగిపోయిన బ్లోయరులో ఉన్నది.

కెపాసిటరు ఒక్కసారిగా చచ్చిపోవుట తక్కువ. లోపలి పలుచని పొరలు వేడికిని, వోల్టేజి ఎగుడుదిగుళ్లకును కొంచెము కొంచెముగా చెడుచుండును. దాని శక్తిని మైక్రోఫారడులలో కొలుతురు. ఏసీ లోపలి పంకాకు సాధారణముగా ఒకటి మొదలు రెండున్నర మైక్రోఫారడుల వరకు గలది వాడుదురు. శక్తి తగ్గిన కొలది పంకా మందగించును. మొదట తక్కువ వేగమున కదలదు, ఎక్కువ వేగమున కదలును. తుదకు ఎందులోను కదలదు. ఆ యింట గత నెలనుండియు గాలి తగ్గినదని ముసలమ్మ అనుచునే యుండెను. ఆమె మాటను ఎవరును పట్టించుకొనలేదు.

మెకానికు కెపాసిటరును తాకుటకు ముందు దాని రెండు కొనలను ఒక రెసిస్టరుతో కలిపి కొంతసేపు ఉంచెను. మెయిను ఆపినను కెపాసిటరు తనలో విద్యుత్తును కొంతకాలము దాచుకొనగలదు. ఈ సంగతి మరచి దెబ్బతిన్న పనివారు కలరు. తరువాత దానిని ఊడదీసి మల్టీమీటరుతో కొలిచెను. పైన అచ్చువేసియున్నది 1.5. మీటరు చూపినది 0.6.

"ఎక్కువ శక్తి గలది వేసిన పంకా ఇంకను వేగముగా తిరుగునుగదా అన్నా?" అని బాలిక మరల అడిగెను.

ఈ ప్రశ్నకు తాతయే జవాబు చెప్పెను. "లేదమ్మా. రెండవ చుట్ట ఇంత ప్రవాహమునకే తగిన తీగతో చుట్టబడియుండును. ఎక్కువ పంపితే అది వేడెక్కి కాలును. దానిమీద ఎంత వ్రాసియున్నదో అంతే వేయవలెను. వోల్టుల సంఖ్య మాత్రము తగ్గరాదు."

కెపాసిటరు సరిగా నున్నను పంకా తిరుగకపోవు సందర్భములు కలవు. మోటారులో వేడి హెచ్చినపుడు ప్రవాహమును త్రుంచు రక్షణ సాధన మొకటి ఉండును. గంటసేపు తిరిగి ఆగి, చల్లారిన పిమ్మట మరల తిరుగు పంకాను చూచిన, ఆ సాధనము పనిచేయుచున్నదనియు, వేడికి కారణము వేరే యున్నదనియు గ్రహింపవలెను. తీగచుట్ట తెగినదా యనుటను ఓముల మీటరుతో తెలిసికొందురు. తెగని చుట్ట కొన్ని వందల ఓముల నిరోధమును చూపును, తెగినది ఏమియు చూపదు. పెద్ద మోటారులనైనచో జీడిమెట్లలో తిరిగి చుట్టించుకొందురు. ఈ చిన్న మోటారును చుట్టించుటకంటె క్రొత్తది కొనుటయే మేలని మెకానికుల అభిప్రాయము. సికింద్రాబాదు రాణీగంజులో మోటారులు, బేరింగులు అమ్ము దుకాణములు వరుసగా నున్నవి.

ఇంకొక తంటా మిక్కిలి తమాషాయైనది. పంకా చక్కగా మొదలై, కొన్ని క్షణములు తిరిగి, తనంతట తానే ఆగిపోవును. మోటారు, కెపాసిటరు రెండును మంచివే. ఇట్టి మోటారులలో ఇరుసు ఎంత వేగముగా తిరుగుచున్నదో కనిపెట్టుటకు చిన్న అయస్కాంతమును, దాని ప్రక్కన హాల్ సెన్సరు అను స్పర్శకమును అమర్చుదురు. ఇరుసు తిరిగిన కొలది అది నియంత్రణ పలకకు, అనగా పీసీబీకి, నాడివంటి స్పందనములను పంపుచుండును. సెన్సరు చెడినచో ఆ వార్త పోదు. పంకా తిరుగుట లేదని పలక భావించి విద్యుత్తును నిలిపి, ముందు భాగమున తప్పు సంఖ్యను చూపును. పనివాడు సరిగా పనిచేయుచున్నను, కబురు తెచ్చువాడు రానందున యజమాని అతనిని పనినుండి తొలగించినట్లున్నది.

కొన్నియెడల తప్పు పీసీబీలోనే యుండును. మన ప్రాంతములలో దానికి బల్లియు ఒక శత్రువు. వెచ్చదనమునకై పెట్టెలోనికి దూరి, రెండు తీగల నడుమ పడి, తాను చచ్చి పలకను చంపును. తీగలు పోవు రంధ్రమును మూసియుంచినచో ఈ నష్టము చాలవరకు తప్పును.

ఇన్వర్టరు ఏసీలు అనేకములలో లోపలి పంకాకు ఏకముఖ విద్యుత్తుతో నడచు మోటారు ఉండును. దానికి ఇట్టి కెపాసిటరు ఉండదు. తిరుగు బలమును అందలి ఎలక్ట్రానిక్ భాగములే పుట్టించును. సామాన్యముగా దానికి అయిదు తీగలు వచ్చును. వానిలో నొకదానిలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తుండును. మెయిను తీసిన తరువాతను అది కొంతసేపు నిలిచియుండును. విద్యుత్తు ఉండగా ఆ తీగల కొనను లాగివేసినను, మరల గ్రుచ్చినను మోటారు అక్కడికక్కడే చెడిపోవును. పాత యంత్రములకు అలవాటుపడిన చేతులు క్రొత్త యంత్రముల విషయమున చేయు పొరపాటు తరచుగా ఇదియే.

షాపూర్‌నగర్ ఇంటిలో చీకటిపడునప్పటికి క్రొత్త కెపాసిటరు బిగించబడెను. దాని వెల ఒక సినిమా టిక్కెట్టును మించదు. మెకానికు జాలీలను కుళాయి క్రింద కడిగి, నీడను ఆరబెట్టి, తరువాత అమర్చెను. మూత బిగించి, తన చేతులను బయటికి తీసికొని, అప్పుడు మాత్రమే ఎంసీబీని ఎత్తుమని చెప్పెను. ఝంకారము లేదు. బ్లోయరు మెల్లగా కదలి, వేగమందుకొని, గాలి వెలువరించెను. అతడు గేజి తగిలించి గ్యాసు పీడనమును కూడ చూచెను. పంకా తిరుగుచుండగా అది ఉండవలసినంత ఉన్నది.

"ఇంతేనా? గ్యాసు నింపలేదా?" అని పొరుగింటి ఆయన గుమ్మమునుండి అడిగెను.

"అది ఎక్కడికిని పోలేదు సార్," అని మెకానికు తన సంచి సర్దుకొనెను.

ముసలమ్మను మరల పై గదికి తెచ్చిరి. చలి ఎక్కువైనదని ఆమె గొణుగగా, మనుమరాలు రిమోటుతో 24 డిగ్రీలకు మార్చెను. 2020వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి నక్షత్రపు గుర్తుగల గృహ శీతల యంత్రములన్నియు మొదట ఆ సంఖ్యతోనే ఆరంభము కావలెనని భారత ప్రభుత్వమువారు నియమించియున్నారు. పిమ్మట బాలిక చెడిన కెపాసిటరును తన లెక్కల పెట్టెలో వేసికొని, ఆనాటి తేదీని, 1.5 అను సంఖ్యను ఒక కాగితముపై వ్రాసి లోపలి పెట్టె ప్రక్కన అంటించెను.